సొంత నోట్సు, మంది నోట్సు

హన్మకొండలో నయీంనగర్ నుంచి కిషన్‌పుర దాకా ఒకసారి నడిచి చూడండి. ఎటు చూసినా ట్యూషన్ బోర్డులే. చాలా బోర్డుల మీద కనిపించే మాట ఒకటుంది: "సొంత మెటీరియల్ ఇవ్వబడును." దాని కింద ఫోన్ నంబరు. చెప్పే సారు ఎవరో, ఏం చదివాడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. మెటీరియల్ సొంతదన్న సంగతి మాత్రం ఎర్ర రంగులో ఉంటుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ రూముల్లో పెట్టే తల్లిదండ్రులు మొదట అడిగేదీ అదే. "నోట్సు మీదేనా సార్?"

నేను ఇంటి దగ్గర తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఈ ప్రశ్నకు నా జవాబు ఎవరికీ నచ్చదు. కొంత నాది, చాలావరకు కాదు అంటాను. ఒక తండ్రి మొహమాటం లేకుండా అడిగేశాడు. "యూట్యూబ్ల ఉన్నదే పంపి, మంది రాసిందే ఇస్తే, మరి ఫీజు దేనికి సార్?" అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు ఏదో సర్దిచెప్పి పంపించాను కానీ, ఆయనకు పూర్తిగా చెప్పాలంటే ఇంత వ్యాసం పడుతుంది.

నా వాదన ఇది. ట్యూషన్ చెప్పేవాడు ప్రతి పాఠానికీ తన వివరణ తాను రాసుకోవాలి. రాసుకున్నాక దాన్ని సొరుగులో పెట్టి, అంతకంటే బాగా చెప్పినవాళ్లను వెతికి, వాళ్లది వాళ్ల పేరుతోనే పిల్లలకు ఇవ్వాలి. సొంతంగా ఒక్క ముక్క రాయకుండా లింకులు పంపేవాడిది బద్ధకం. తను రాసిందే పిల్లలు చదవాలని పట్టుబట్టేవాడిది అహం. మన ఊళ్లో ఈ రెండోదానికి గౌరవం ఎక్కువ కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

వర్గ సమీకరణాల పాఠం తీసుకోండి. లెక్కలంటే కాస్త భయం ఉన్న పిల్లలు పదో తరగతిలో చేతులెత్తేసేది ఇక్కడే. వర్గాన్ని పూర్తిచేసే పద్ధతిలో మామూలుగా చెప్పే మొదటి మెట్టు, ఎక్స్ స్క్వేర్ ముందున్న అంకెతో మొత్తాన్నీ భాగించమని. 2 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ మైనస్ 3 సున్నాకు సమానం అనుకుందాం. 2తో భాగిస్తే ఎక్స్ పక్కన 5 బై 2 వచ్చి కూర్చుంటుంది. అందులో సగం 5 బై 4. దాని వర్గం 25 బై 16. దాన్ని అటువైపున్న 3 బై 2కు కలిపితే 49 బై 16. వర్గమూలం తీస్తే ప్లస్ ఆర్ మైనస్ 7 బై 4. చివరికి ఎక్స్ విలువ సగం గానీ, మైనస్ 3 గానీ.

చదువుతుంటే సాఫీగానే ఉంది కదా. పిల్లల నోట్‌బుక్కులో చూడాలి. 5 బై 2లో సగం ఎంత అంటే 5 అని రాసేవాళ్లున్నారు. కింది 2ను కొట్టేసి 5 బై 1 అని రాసేవాళ్లున్నారు. వర్గం చేసేటప్పుడు పైన 25 వేసి, కింద 4ను అలాగే వదిలేసేవాళ్లు బోలెడు మంది. వాళ్లకు వర్గం పూర్తిచేయడం రాక కాదు, మధ్యలో భిన్నాలు అడ్డం పడుతున్నాయి. ఇది గమనించి నేను నా నోట్సులో భిన్నాల గురించే రెండు పేజీలు రాసుకున్నాను. ఓపిగ్గా, మెట్టు మెట్టుగా, చక్కగానే రాశాను. కానీ పాతకాలపు గణితవేత్త శ్రీధరాచార్యుడు చెప్పిన దారి ముందు అవి చిత్తు కాగితాలే.

ఆయన భాగించమనలేదు, గుణించమన్నాడు. ఎక్స్ స్క్వేర్ ముందున్న అంకెకు నాలుగు రెట్లతో. పై లెక్కలో అది 8. గుణిస్తే 16 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 40 ఎక్స్, అటువైపు 24. ఇప్పుడు మొదట్లో ఎక్స్ పక్కనున్న 5ను వర్గం చేసి రెండు వైపులా కలపాలి. ఇటు 4 ఎక్స్ ప్లస్ 5 మొత్తం స్క్వేర్, అటు 49. వర్గమూలం తీస్తే 4 ఎక్స్ ప్లస్ 5 విలువ 7 గానీ మైనస్ 7 గానీ. అంతే, ఎక్స్ సగం లేదా మైనస్ 3. భిన్నం అన్నది చిట్టచివర జవాబులో తప్ప ఎక్కడా కనిపించదు. వెయ్యేళ్లకు పైబడిన ఈ పద్ధతిని పక్కకు నెట్టి, నా రెండు పేజీలే చదవమని పిల్లల మీద రుద్దితే అది ఎవరి కోసం? బోర్డు మీద ఎర్ర రంగు మాట కోసం.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. శ్రీధరుడు రాసిన బీజగణితం మనకు దక్కలేదు. ఆయన అంకగణిత గ్రంథాలు మిగిలాయి గానీ అది పోయింది. మరి ఈ సూత్రం ఆయనదని మనకెలా తెలుసు? తర్వాతివాళ్లు ఆయన పేరు చెప్పి ఉటంకించారు కాబట్టి. వాళ్లలో ముఖ్యుడు భాస్కరాచార్యుడు. మన వేయి స్తంభాల గుడి శాసనం తేదీ 1163. అంతకు పదమూడేళ్ల ముందు, 1150లో, ఆయన తన బీజగణితంలో శ్రీధరుడి సూత్రాన్ని ఆయన పేరుతోనే పెట్టాడు. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రాసినవి మరీ విస్తారంగా ఉన్నాయి కాబట్టి వాటి సారం తీసి శిష్యుల కోసం ఇది రాశానని పుస్తకం చివర చెప్పుకున్నాడు. పద్మనాభుడి పుస్తకం కూడా తర్వాత పోయింది. భాస్కరుడంతటివాడికి అదే సూత్రాన్ని మాట మార్చి సొంతంగా రాసుకోవడం ఎంతసేపు? అలా చేసి ఉంటే ఈరోజు మనం పిల్లలకు శ్రీధరుడి పేరు చెప్పేవాళ్లం కాదు. సొంత మెటీరియల్ గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

అయితే పంచితే చాలా? చాలదు. ఈ పద్ధతి చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ నాలుగు ఏడికెల్లి వచ్చింది సార్?"

బంగారం లాంటి ప్రశ్న. నేను చూసిన వీడియోలు చాలావరకు దీనికి జవాబు చెప్పవు. "శ్రీధరాచార్య పద్ధతి, నాలుగు ఎ తో గుణించండి" అని ముందుకెళ్లిపోతాయి. ఫలానా చోట దొరికిందని పంపేసిన సారు ఇక్కడ తెల్లమొహం వేస్తాడు, లేదా "ఫార్ములా అంతే, రాసుకో" అంటాడు. తను ఒకసారి కాగితం మీద కుస్తీ పట్టినవాడికి మాత్రం జవాబు చేతిలోనే ఉంటుంది. ఎక్స్ స్క్వేర్ ముందున్న 2 పూర్ణవర్గం కావాలంటే దాన్ని ఇంకో 2తో గుణిస్తే సరిపోతుంది, 4 అవుతుంది. కానీ అంతటితో ఆగితే ఎక్స్ పక్కనున్న అంకెలో సగం చేయాల్సి వస్తుంది. అది 5 లాంటి బేసి సంఖ్య అయితే భిన్నం మళ్లీ వెనక దారిన వచ్చేస్తుంది. ఇంకో 4తో కూడా గుణించామనుకోండి, 4 తనే ఒక వర్గం కాబట్టి పూర్ణవర్గం చెడదు, సగం చేసే అవసరమూ పోతుంది. ఇదీ ఆ నాలుగు కథ. పిల్లవాడిని ఊరికే చెప్పి ఒప్పించలేం. ముందు 2తోనే గుణించి చేయమనాలి. 4 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ దగ్గరికొచ్చి, 2 ఎక్స్ ప్లస్ ఎంత అని ఆలోచించి, రెండున్నర దగ్గర ఇరుక్కోవాలి. అప్పుడు 4 దానంతటదే పుడుతుంది. నా బ్యాచ్‌లో ఒకమ్మాయి అలా ఇరుక్కున్నాక నేను నోరు తెరవకముందే "అయితే పదహార్లు చేద్దాం సార్" అంది.

అందుకే రాసుకోవాలంటున్నాను. ఇచ్చే ప్రతి పేజీలో ఏ లైను మీద వేలు పెట్టి అడిగినా తడుముకోకుండా చెప్పగలగాలి, ఆ రాత అందుకు. నా సొరుగులో లాంగ్ నోట్‌బుక్కులు దొంతరగా ఉన్నాయి. పిల్లలకు చూపించను. ఎవరిదైనా కొత్త వివరణ దొరికినప్పుడు మాత్రం పక్కన పెట్టుకుని చూస్తాను. నేను ఆగిన చోట వాళ్లు ఆగారా, నేను చుట్టూ తిరిగిన చోట వాళ్లకు అడ్డదారి దొరికిందా, నేను ఒప్పుకోని మెట్టును వాళ్లు ఒక్క దూకులో దాటేశారా అని. కొలిచి చూడ్డానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. లేకపోతే ఏ వీడియోకు ఎక్కువ వ్యూస్ ఉంటే అదే మంచిదనిపిస్తుంది.

ఇక సొరుగులోంచి బయటికి తీసి పిల్లల చేతికివ్వాల్సిన రాతలు కూడా ఉంటాయి. నా అనుభవంలో అవి తక్కువ, కానీ వాటిని ఎవరూ అరువివ్వలేరు.

నిమ్నకోణం లెక్కలు చూడండి. 50 మీటర్ల టవర్ పైనుంచి చూస్తే కిందున్న కారు నిమ్నకోణం 30 డిగ్రీలు, కారు టవర్‌కు ఎంత దూరంలో ఉంది? నిర్వచనం పుస్తకంలో ఉంది, ప్రతి గైడులో ఉంది, ప్రతి వీడియోలో ఉంది: దృష్టిరేఖ క్షితిజ సమాంతర రేఖకు దిగువన ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య కోణం. పిల్లలు అప్పజెప్తారు కూడా. అప్పజెప్పి, బొమ్మ దగ్గరికొచ్చేసరికి 30ని టవర్‌కూ దృష్టిరేఖకూ మధ్య, త్రిభుజం లోపల రాస్తారు. 86 మీటర్ల పైచిలుకు రావాల్సిన దూరం 29 మీటర్ల దగ్గర తేలుతుంది. నిర్వచనం మళ్లీ చెప్పినా అంతే. ఇంకో వీడియో చూపించినా అంతే.

పిల్లలు గీస్తుంటే పక్కన కూర్చుని చూస్తేనే ఎందుకో తెలిసింది. అందరూ మొదట గీసేది టవర్. తర్వాత నేల. తర్వాత పైనుంచి కారు దాకా ఏటవాలు గీత. అక్కడికి త్రిభుజం అయిపోయింది, బొమ్మ నిండుగా కనిపిస్తోంది. కోణం పెట్టమంటే లోపల ఖాళీగా ఉన్న మూల ఒక్కటే కనిపిస్తుంది, అందులో పెట్టేస్తారు. క్షితిజ రేఖ బొమ్మలోనే లేదు! తెలిసిన నిర్వచనం గీసే వరుసలో ఎక్కడో జారిపోతోంది. నాకు దొరికిన వివరణల్లో ఈ వరుస గురించి మాట్లాడింది ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? తప్పు బొమ్మ వేయడం రానివాళ్లు కదా వాటిని రాసేది.

అప్పుడు అర పేజీ రాశాను. పద్మాక్షి గుట్ట మీద నిలబడ్డావనుకో, కింద సద్దుల బతుకమ్మనాడు బతుకమ్మలు వేసే గుండం చూస్తున్నావనుకో అని మొదలుపెట్టి, మూడే మాటలు. గుట్టను ఆఖర్న గీయి. మొదట పై చివర నుంచి అడ్డంగా చుక్కల గీత గీయి. ఆ గీత నుంచి కిందికి కోణం పెట్టి, తర్వాతే గుట్టా గుండమూ గీయి. భాష గొప్పదేం కాదు, తెలివి కూడా పెద్దగా లేదు. కానీ ఆ పిల్లలు చేసే తప్పుకు కొలిచి కుట్టింది. తప్పులు బాగా తగ్గాయి.

సంభావ్యతలో పేకముక్కల గొడవ ఇంకో రకం. వీడియో సార్లు "మీకందరికీ తెలిసిందే కదా" అని మొదలుపెడతారు. మా దగ్గర పత్తాలు ముట్టుకుంటే వీపు విమానం మోత మోగించే ఇళ్లున్నాయి. అలాంటి ఇంటి అమ్మాయికి 52లో ముఖ కార్డులు 12 అని ఎలా తెలియాలి? ఒక నోట్సులో ఆసులను కూడా కలిపి 16 అని అచ్చయింది, దాన్ని చూసి రాసుకున్న వేరే నోట్సుల్లోనూ 16 అనే ఉంది, పిల్లలు అదే రాస్తున్నారు. దీనికి వివరణ రాయడం దండగ. ఒక పత్తాల కట్ట కొని టేబుల్ మీద పెట్టాను. నాలుగు వరుసలు, వరుసకు పదమూడు, పేర్చుకోమన్నాను. రాజు, రాణి, జాకీ ఏరి లెక్కపెట్టమన్నాను. సరిగ్గా అప్పుడే ఫీజు కట్టడానికొచ్చిన ఒక తండ్రి గుమ్మంలోనే ఆగిపోయి "ట్యూషన్ల పత్తాలేంది సార్!" అన్నాడు. ఆయనకు సంభావ్యత చెప్పి పంపించడానికి పిల్లలకు చెప్పినదానికంటే ఎక్కువ సేపు పట్టింది.

పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు, ఉదాహరణ మాత్రం మన పిల్లలకు తెలిసినదై ఉండాలి. ఇది నేను కనిపెట్టిందేం కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చినప్పుడు మక్కీకి మక్కీ దించలేదు. కొన్ని లెక్కలు వదిలేశాడు, కొన్ని సొంతంగా చేర్చాడు. తెలుగులో మొట్టమొదటి శాస్త్ర గ్రంథాల్లో ఒకటి అలా పుట్టింది. అది సొంతమా, అరువా అంటే నేను చెప్పలేను. మూలం ఎవరిదో దాచలేదన్నది మాత్రం నిజం.

కాజీపేట వైపు ఫిజిక్స్ చెప్పే మిత్రుడొకడు నాతో దీని మీద ఎప్పుడూ పేచీ పెట్టుకుంటాడు. అతని మొదటి అభ్యంతరం సూటిగా ఉంటుంది. "అన్నా, మంది రాసిందే ఇస్తే పిల్లలు మన మొఖం చూస్తరా? డైరెక్టు వాళ్ల దగ్గర్కే పోతరు." పోతే పోనీ అంటాను నేను. పోయినవాళ్లు ఎలాగూ తిరిగొస్తారు, ఆ నాలుగు ఎక్కడిదో అడగడానికి. పెళ్లికి వంటవాణ్ని పెట్టుకున్నప్పుడు కారం కూడా ఆయనే దంచాలని ఎవరూ అడగరు. ఎంత వేయాలో తెలిస్తే చాలు. ఫీజు దేనికని అడిగిన తండ్రికి నా జవాబు కూడా ఇదే. ఆయన డబ్బిచ్చేది నేను కాగితం మీద పెట్టిన అక్షరాలకు కాదు, వాళ్లబ్బాయి నోట్‌బుక్కులో 30 ఏ మూలన పడిందో చూసినందుకు.

2020లో ఇది అందరం చూశాం. కరోనాతో బడులు మూతపడ్డాక సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. చెప్పినవాళ్లు మంచి టీచర్లే, ఎంపిక చేసి తెచ్చారు. రాష్ట్రమంతటికీ ఒకే పాఠం, ఒకే మంచి వివరణ. పంచుకోవడం అంటే అంతకు మించి ఏముంటుంది? అయినా పిల్లలు టీవీ ముందు కూర్చుని ఎక్కడ ఆగిపోయారో టీవీకి తెలియదు. మా వీధిలో ఒక పిల్లవాడు పాఠం అయిపోయాక నోట్‌బుక్ పట్టుకుని పక్కింటి డిగ్రీ చదివే అక్క దగ్గరికి పరిగెత్తేవాడు. ఆ అక్క కొత్తగా ఏమీ రాయలేదు. టీవీలో చెప్పిందే, వాడికి ఆగిన చోట నుంచి మొదలుపెట్టి చెప్పింది.

మిత్రుడి రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ. పది మంది దగ్గరివి పది రకాలుగా ఇస్తే పిల్లలు తికమకపడతారంటాడు. నిజమే. శ్రేఢుల్లో ఒకాయన పదాంతరం అంటాడు, ఇంకొకాయన సామాన్య భేదం అంటాడు. ఒకాయన ఎన్ వ పదానికి టి వాడితే ఇంకొకాయన ఎ వాడతాడు. తెలుగు మీడియంలో పది చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో పడ్డవాళ్లకు ఇది మరీ నరకం. కాబట్టి ఒక పాఠానికి ఒక్కరినే నమ్ముకుంటాను. వాళ్ల గుర్తులు వేరైతే జిరాక్స్ తీసేముందు పెన్నుతో దిద్ది, మన పుస్తకంలో ఉన్నట్టు మారుస్తాను. ఇంత పని చేసేకంటే సొంతంగా రాసుకోవడమే సులువు కదా అంటాడు. సులువే. నేను సులువైన పని చెప్పడం లేదు.

జిరాక్స్ అన్నాను కాబట్టి ఒక మాట. లింకులు పంపడంతో పనైపోతుందనుకునేవాళ్లు హాస్టల్ పిల్లలను మర్చిపోతున్నారు. చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోన్ ఉంచుకోనివ్వరు. ఆదివారం ఔటింగ్‌కు వచ్చి నా దగ్గర కూర్చునే ఇంటర్ పిల్లలకు వాట్సాప్ గ్రూపుతో ఏం పని? వాళ్లకు కాగితమే కావాలి. వీడియోలో మంచి వివరణ దొరికితే దాన్ని చేత్తో కాగితం మీదికి దించాలి. దించుతున్నప్పుడే తెలుస్తుంది, వీడియోలో ఎంత భాగం గొంతు మీద, చెయ్యి ఊపడం మీద నిలబడిందో, ఎంత భాగం నిజంగా లెక్క మీద నిలబడిందో.

మిత్రుడిది మూడో ప్రశ్న: అందరూ నీలాగే పంచుకుంటూ పోతే కొత్తవి రాసేదెవరు? దీనికి నా దగ్గరున్న మంచి సాక్ష్యం సల్మాన్ ఖాన్, సినిమా ఆయన కాదు, ఖాన్ అకాడమీ ఆయన. 2004లో ఆయన బోస్టన్‌లో ఉంటూ దూరాన ఉన్న చుట్టాలమ్మాయి నాదియాకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంకొందరు చుట్టాల పిల్లలు చేరారు. 2006లో వాళ్ల కోసమే వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. ఎదురుగా ఉండి చెప్పేదానికంటే వీడియోలోనే బాగుంది, ఆపి మళ్లీ చూసుకోవచ్చని ఆ పిల్లలే అన్నారని ఆయన నవ్వుతూ చెప్పుకుంటాడు. లోకం మొత్తం పంచుకున్న వివరణలు మొదలైంది ఒక పిల్ల దగ్గర. సొంత మెటీరియల్ తయారు చేయాలని కూర్చుంటే పాత గైడే కొత్త అట్టతో వస్తుంది. ఎదురుగా ఉన్న పిల్లవాడికి లోకంలో ఉన్నవేవీ పనిచేయనప్పుడు కొత్తది దానంతటదే వస్తుంది. అది వచ్చినప్పుడు రాయకుండా ఉండమని నేననడం లేదు.

ఇక మిగిలింది పేరు. అసలు నాకు కడుపు మండేది ఇక్కడ.

సొంత మెటీరియల్ అని ఇచ్చే వాటిలో చాలా వరకు సొంతం కావు. ఈ రంగంలో ఉన్న ప్రతివాడికీ తెలిసిన రహస్యమే. జిరాక్స్ సెంటర్లలో నిలబడితే కళ్లారా చూడొచ్చు. ఎక్కడిదో పెద్ద కోచింగ్ సెంటర్ మెటీరియల్ తెస్తారు. పేజీ పై అంచున వాళ్ల పేరున్న చోట తెల్ల కాగితం ముక్క అడ్డం పెట్టి ఒక కాపీ తీస్తారు. అడుగున వాటర్ మార్క్ మిగిలితే వైట్‌నర్ పూస్తారు. ఆ ఖాళీలో తమ రబ్బరు స్టాంపు కొట్టి వంద కాపీలు లాగుతారు. నీడలా మిగిలిన పాత పేరు మీద కొత్త పేరు. పిల్లలు ఈ నీడను చూడరనుకుంటారు. చూస్తారు. చూసి, పేరు చెరిపితే వస్తువు మనదైపోతుందన్న పాఠం కూడా నేర్చుకుంటారు. ముఖ కార్డులు 16 అన్న తప్పు ఊరంతా తిరిగింది కూడా ఇందుకే. మూలం ఎవరిదో రాసి ఉంటే వాళ్లను అడిగి దిద్దించేవాళ్లం. పేరు లేని తప్పుకు అడ్రసు ఉండదు.

చట్టం సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పాఠం చెప్పడంలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకోవడానికి వెసులుబాటు ఇచ్చింది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ వెసులుబాటును విశాలంగానే చదివింది. అది విశ్వవిద్యాలయం సంగతి, ఫీజు తీసుకునే మేడ మీద ట్యూషన్‌కు అంతే వర్తిస్తుందని నేను పూచీ పడను. కానీ అదే చట్టం 57వ సెక్షన్ ఇది నా రచన అని చెప్పుకునే హక్కును రచయితకు ఉంచింది. పాఠం కోసం కాపీ తీయడానికి ఒక దారి ఉండొచ్చు. తెల్ల కాగితం ముక్క అడ్డం పెట్టడానికి ఏ సెక్షన్ కిందా దారి లేదు.

నేను ఇచ్చే ప్రతి కాగితం కింద ఒక లైను ఉంటుంది: ఎవరిది, ఎక్కడిది, నేనేం మార్చాను. మొదట్లో పిల్లలు దాన్ని పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు కొందరు ఆ లైను పట్టుకుని మూలం దాకా వెళ్లి, నేను వదిలేసిన లెక్కలు చేసుకొస్తున్నారు. ఆ ముక్కలో నా పేరు చిన్నదైనందుకు ఎవరూ ట్యూషన్ మానేయలేదు.

ఈ మధ్య వేరే ట్యూషన్ నుంచి మారి వచ్చిన ఒకబ్బాయి తన ఫైలు తెరిచి చూపించాడు. అందులో నిమ్నకోణం మీద టైపు చేసిన అర పేజీ ఉంది. పద్మాక్షి గుట్ట, గుండం, గుట్టను ఆఖర్న గీయమన్న మాట, అన్నీ నావే. పేరు లేదు, ఏదో స్టాంపు ఉంది. కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ బొమ్మలో నేను గీయనిది ఒకటి కనిపించింది. చుక్కల గీత మొదలయ్యే చోట ఎవరో ఒక కన్ను గీశారు. నా దగ్గర పిల్లలు అడ్డగీత ఎందుకని అడుగుతూనే ఉండేవాళ్లు. ఆ కన్ను ఉంటే అడగాల్సిన పని లేదు, చూపు ముందు ఎదురుగా ఉంటుంది, తర్వాత కిందికి దిగుతుంది. నాది కంటే వాళ్లదే బాగుంది. ఈ ఏడు నుంచి ఆ బొమ్మే ఇస్తున్నాను. కింద లైనులో, రాత నాది, కన్ను ఎవరు గీశారో తెలియదు, తెలిసినవాళ్లు చెప్తే పేరు చేరుస్తాను అని రాశాను. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ స్టాంపు ఉన్న ట్యూషన్‌కు ఫోన్ చేసి అడిగితే, అది తమ సొంత మెటీరియల్ అన్నారు.